రెండో వైపు నుంచి వినవలసిన ఆల్బమ్

రెండు సంచికల కిందట ఈ శీర్షికలో, పాశ్చాత్య లలిత గీతాల గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు జవాబు రాస్తూ, అమెరికాకు చెందిన కార్పెంటర్స్ అనే అన్నాచెల్లెళ్ల జంట 1976లో విడుదల చేసిన ‘ఎ కైండ్ ఆఫ్ హష్’ ఆల్బమ్‌ను ‘చక్కెర పాలు మించిన పాయసం’ అన్న ఒక్క మాటతో పక్కకు నెట్టేశాను. ఆ మాట మీద కడప జిల్లా నుంచి వరుసగా ఉత్తరాలు వచ్చాయి. కొన్ని కోపంగా ఉన్నాయి, కొన్ని నొచ్చుకున్నట్టుగా ఉన్నాయి, ఒకటి మాత్రం నన్ను నిలదీసింది. ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా చిన్నాయన డెబ్బైల చివర్లో కువైట్ నుంచి మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు రెండు స్పీకర్ల టేప్ రికార్డరు, దానితో పాటు అయిదారు క్యాసెట్లు తెచ్చినాడు. అందులో మీరు పాయసమన్న ఆల్బమ్ ఒకటి. ఇంగ్లీషు ముక్క రాని మా జేజి కూడా ఆ క్యాసెట్ వేస్తే చేతిలో చేట పక్కన పెట్టి కూర్చునేది. మీరు దాన్ని మొదటి నుంచి చివరి దాకా విని ఆ మాట రాశారా, లేక ఎవరో అన్నది విని రాశారా?
– పేరు వద్దన్న పాఠకురాలు, యర్రముక్కపల్లి, కడప

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. నేను ఆ ఆల్బమ్‌ను సగమే విన్నాను. చదువుకునే రోజుల్లో కడపలో కోటిరెడ్డి సర్కిల్‌కు దగ్గరలో ఒక మిత్రుడి గదిలో మొదటి వైపు నాలుగు పాటలు విన్నాను. అయిదో పాటకు ముందే కరెంటు పోయింది, మళ్లీ వచ్చేసరికి అతను వేరే క్యాసెట్ పెట్టాడు. ఆ తర్వాత ఆ ఆల్బమ్ గురించి ఎక్కడ చదివినా ‘కార్పెంటర్స్ జారిపోవడం మొదలైన చోటు’ అన్న ధోరణిలోనే కనిపించడంతో, నా సగం వినికిడికి ఇతరుల మాట తోడై అదొక తీర్పుగా గట్టిపడింది. మీ ఉత్తరం వచ్చాక పదిరోజుల పాటు, రోజుకు ఒకసారి చొప్పున, మొత్తం పది పాటలూ విన్నాను. నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలిన సగం మీకు నచ్చకపోయినా ఉంచుతున్నాను. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఈ జంట సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. రిచర్డ్ కార్పెంటర్ 1946లోనూ, చెల్లెలు కారెన్ 1950లోనూ అమెరికా తూర్పు తీరంలోని న్యూ హేవెన్‌లో పుట్టారు. కుటుంబం తర్వాత కాలిఫోర్నియాలోని డౌనీకి తరలి వెళ్లింది. ఆమె డ్రమ్స్ వాయిస్తూ పాడేది, ఆయన పియానో వాయిస్తూ వాద్యరచన చేసేవారు. 1970లో ‘క్లోజ్ టు యు’ పాట, ఆదరణను బట్టి స్థానాలిచ్చే అమెరికా పట్టికలో మొదటి స్థానానికి ఎక్కినప్పటి నుంచి 1975 దాకా వారి పాట వినిపించని రేడియో అక్కడ లేదన్నా తప్పు కాదు. అలాంటి వారు 1976లో తెచ్చిన ఈ ఆల్బమ్ అమెరికా పట్టికలో 33వ స్థానం దగ్గరే ఆగిపోయింది. అంతకుముందు ఏడాది వచ్చిన ‘హొరైజన్’ 13 దాకా వెళ్లింది, 1973 నాటి ‘నౌ అండ్ దెన్’ 2 దాకా వెళ్లింది. మెట్లు దిగుతున్నారన్న మాట అందుకే పుట్టింది. బ్రిటన్‌లో మాత్రం ఇదే ఆల్బమ్ మూడో స్థానం అందుకున్నదన్న సంగతిని, జారుడు గురించి రాసేవారు చాలా వరకు దాటవేస్తారు.

ఇప్పుడు మొదటి వైపు. తొలి పాట ‘దేర్స్ ఎ కైండ్ ఆఫ్ హష్’, 1967లో హెర్మన్స్ హెర్మిట్స్ అనే ఆంగ్ల బృందం పాడి ప్రచారంలోకి తెచ్చినదే. ఊరంతా సద్దుమణిగిన రాత్రి వేళ ప్రేమికుల గుసగుసలు తప్ప మరేమీ వినిపించవన్నది పాట భావం. అయితే వాద్యాల పోకడ మాత్రం పగటిపూట బజారులో నడిచినట్టు గెంతుతూ సాగుతుంది. సద్దుమణగడం గురించిన పాటలో సద్దుమణగడమే లేదు. అది 12వ స్థానం దాకా వెళ్లింది కాబట్టి వ్యాపారం దృష్టితో తప్పు పట్టలేము గాని, ఆల్బమ్ గుమ్మం దగ్గర దాన్ని నిలబెట్టడం వల్ల లోపలికి వచ్చేవాడికి ఇల్లంతా ఇలాగే ఉంటుందన్న అభిప్రాయం కలుగుతుంది. నాకూ అదే కలిగింది. నాలుగో పాట ‘గూఫస్’ మరీ అన్యాయం. అది 1930 నాటి హాస్యగీతం. దాన్ని ఎంత శుభ్రంగా పాడినా, అంత శుభ్రంగా పాడటమే దానికి శత్రువైంది; నవ్వు పుట్టించాలంటే గొంతులో కొంచెం అల్లరి, కొంచెం మురికి ఉండాలి, అవి కారెన్ గొంతులో లేవు. దాన్ని విడిగా విడుదల చేస్తే 56వ స్థానం దగ్గర నిలిచిపోయింది. నేను పాయసం అన్నది ఈ రెండు పాటలను మనసులో పెట్టుకుని. ఆ మాట వాటి వరకు ఉంచుతున్నాను.

కానీ అదే వైపున చివర, కరెంటు పోవడం వల్ల నేను వినకుండా వదిలేసిన అయిదో పాట ‘కాంట్ స్మైల్ వితౌట్ యు’ ఉంది. దాని సంగతి కింద మరొక పాఠకుడు అడిగారు కాబట్టి అక్కడ చెబుతాను. ఇక క్యాసెట్ తిప్పితే రెండో వైపు మొదటి పాట ‘ఐ నీడ్ టు బి ఇన్ లవ్’. రిచర్డ్, ఆయనకు ఎప్పుడూ మాటలు రాసే జాన్ బెటిస్, ఆల్బర్ట్ హామండ్ – ముగ్గురూ కలిసి కూర్చిన పాట. తమ పాటలన్నిటిలో కారెన్‌కు ఎక్కువ ఇష్టమైనది ఇదేనని రిచర్డ్ చెప్పారు. ఇష్టం ఎందుకో వింటే తెలుస్తుంది. తనకంటూ ఒక మనిషి ఎక్కడో ఉన్నాడన్న నమ్మకాన్ని పోనివ్వకుండా పట్టుకోవడం ఎంత కష్టమో ఒక ఒంటరి స్త్రీ తనలో తాను చెప్పుకుంటుంది. లోపాలున్న లోకంలో లోపం లేని వాణ్ణి వెతకడం తన పొరపాటని ఆమెకే తెలుసు. అందులో ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. చరణాలను కారెన్ మంద్రస్థాయిలో, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నంత నెమ్మదిగా మొదలుపెడుతుంది. పల్లవికి వచ్చేసరికి స్వరం పైకి లేస్తుంది గాని గొంతు పెద్దది కాదు. ఈ తేడాను గమనించమని మనవి. స్వరం ఎక్కడం వేరు, గొంతు చించుకోవడం వేరు. పైస్థాయికి వెళ్లినప్పుడు కూడా అదే దగ్గరితనం నిలబెట్టాలంటే ఊపిరి మీద ఎంత పట్టు ఉండాలో, నాలుగు రోజులు సంగీతం నేర్చుకున్న వారికి కూడా తెలుస్తుంది.

అది కూడా అమెరికాలో 25వ స్థానం దగ్గరే ఆగింది. తర్వాతి కథ విచిత్రమైనది. 1995లో జపాన్‌లో ఒక టెలివిజన్ ధారావాహికకు ముగింపు పాటగా దీన్ని వాడుకున్నారు. అప్పటికి పాట పుట్టి 19 ఏళ్లు, కారెన్ పోయి 12 ఏళ్లు. ఆ ధారావాహిక చూసిన పిల్లల్లో చాలామంది పాట వచ్చిన నాటికి పుట్టనే లేదు. అక్కడ ఆ పాటకు ‘యవ్వనపు వెలుగు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. దాన్ని ముందు పెట్టి వేసిన సంకలనం లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. కాబట్టి ఈ ఆల్బమ్‌ను కొత్తగా తూకం వేస్తున్న మొదటివాణ్ణి నేను కాను, మీ జేజి కూడా కాదు. అయితే జపాన్ పిల్లల కంటే మీ జేజి పదిహేనేళ్లు ముందుంది.

ఆ పాట వెంటనే వచ్చే ‘వన్ మోర్ టైమ్’ దానికంటే చిన్నది, దానికంటే ఒంటరిది. వెనుకటి రోజులను తలచుకునే ఆ పాటలో పియానో ఎంత తక్కువ వాయిస్తుందో గమనిస్తే, రిచర్డ్‌కు ఆర్భాటం తప్ప తెలియదన్న మాట ఎవరూ అనలేరు. జాకీ డిషానన్ రాసిన ‘బోట్ టు సెయిల్’ మధ్యాహ్నపు కునుకు లాంటి పాట. అందులో ఏమీ జరగదు, జరగకపోవడమే దాని అందం. ‘ఐ హ్యావ్ యు’లో అన్నాచెల్లెళ్ల గొంతులు ఒకదాని మీద ఒకటి దొంతరలుగా పేర్చిన తీరు బాగుంటుంది, పాట మాత్రం అయిపోగానే మరచిపోతాము.

చివరి పాట ‘బ్రేకింగ్ అప్ ఈజ్ హార్డ్ టు డు’ దగ్గర నాకు నవ్వు వచ్చింది. నీల్ సెడాకా 1962లో దీన్ని హుషారు పాటగా పాడి మొదటి స్థానం సంపాదించాడు. పదమూడేళ్ల తర్వాత ఆయనకే తోచి, విడిపోవడం కష్టమన్న పాటను గెంతుతూ పాడటమేమిటని, విలంబంలో, అంటే నెమ్మది నడకలో, మళ్లీ రికార్డు చేశాడు. అదీ 1976 మొదట్లో మొదటి పది స్థానాల్లోకి వచ్చింది. సరిగ్గా అదే ఏడాది, విలంబానికి పెట్టింది పేరైన కార్పెంటర్స్ పాత హుషారు పోకడనే ఎంచుకున్నారు! ఎవరు పాడవలసిన పాటను ఎవరు పాడారో చూడండి. ఈ ఆల్బమ్‌లోని చిక్కంతా నాకు ఈ ఒక్క ఉదాహరణలో కనిపిస్తుంది. పాడటంలో లోపం లేదు, వాయించడంలో లోపం లేదు, ధ్వనిముద్రణలో అసలే లేదు. ఏ పాట తమది, ఏ పాట తమది కాదు అన్న ఎంపికలో చెయ్యి తప్పింది. సొంతంగా రాసుకున్నవి మూడే, మిగిలిన ఏడూ ఇతరులవి. ఆ ఏడింటిలో మూడు అప్పటికే అందరి నోళ్లలో నానినవి. ఎడతెగని ప్రయాణాల మధ్య కొత్త పాటలకు తీరిక లేకపోవడం ఒక కారణం. నిద్రమాత్రలకు రిచర్డ్ అలవాటు పడిన కాలం కూడా అదే. 1979 మొదట్లో ఆయన చికిత్స తీసుకుని బయటపడ్డారు.

అందువల్ల నా సలహా ఏమిటంటే, కొత్తగా వినేవారు రెండో వైపు నుంచి మొదలుపెట్టాలి. ‘ఐ నీడ్ టు బి ఇన్ లవ్’, ‘వన్ మోర్ టైమ్’, ‘బోట్ టు సెయిల్’ వరుసగా విని, తర్వాత మొదటి వైపుకు వచ్చి రెండో పాట ‘యు’, అయిదో పాట వినాలి. ఈ అయిదు పాటల మేరకు ఇది వారి అత్యుత్తమ ఆల్బమ్‌ల పక్కన కూర్చోగలదని ఇప్పుడు అంటున్నాను. మీ జేజి ఏ పాటకు చేట పక్కన పెట్టేదో మీరు రాయలేదు. రాస్తే సంతోషిస్తాను.

ప్రశ్న: మెత్తగా, తియ్యగా ఉండే పాటలను ఇంత గంభీరంగా చర్చించడం అవసరమా? శాస్త్రీయ సంగీతానికో జానపదానికో ఇవ్వవలసిన స్థలాన్ని, వినగానే ఆవిరైపోయే ఈ పాటలకు ఇవ్వడం నాకు నచ్చలేదు.
– విశ్రాంత అధ్యాపకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అయ్యా, మీ అభ్యంతరాన్ని గౌరవిస్తూనే ఒక మాట గుర్తు చేస్తాను. మన భాషలో ఈ తరహా సంగీతానికి ‘లలిత సంగీతం’ అని పేరు పెట్టుకున్నాము. తేలిక సంగీతం అని పెట్టుకోలేదు. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటి వారు ఆ పేరుకు తగిన మర్యాద సంపాదించి పెట్టారు. ఉదయం పూట కడప కేంద్రం పెట్టుకుని ‘ఈ మాసపు పాట’ నేర్చుకున్న ఇళ్లు మీ ప్రొద్దుటూరులో కూడా ఎన్నో ఉండి ఉంటాయి. రావు బాలసరస్వతీదేవి పాటను మీరు విని ఉంటారు. ఆమె గొంతు ఎప్పుడూ మనల్ని పిలవదు, మనమే దగ్గరికి జరిగి వినాలి. అది బలం లేక కాదు, బలాన్ని దాచుకోవడం తెలిసి. కారెన్ కార్పెంటర్ కూడా ఆ కోవకు చెందిన గాయని.

అయితే ఒక తేడా ఉంది, అది పనితనానికి సంబంధించినది. ఆ కాలంలో మద్రాసు స్టూడియోల్లో సినిమా పాట అంటే గాయకులు, వాద్యబృందం ఒకేసారి కలిసి పాడి వాయించడమే. ఒకరు తప్పితే అందరూ మొదటికి రావలసిందే. హాలీవుడ్‌లోని ఏ అండ్ ఎమ్ స్టూడియోలో కార్పెంటర్స్ పద్ధతి అది కాదు. వెడల్పాటి టేపు మీద పక్కపక్కనే పలు జాడలు ఉంటాయి. ఒక జాడ మీద పాడినదాన్ని చెవులకు పెట్టుకుని వింటూ రెండో జాడ మీద మరొక స్వరంలో పాడతారు, ఆ రెండూ వింటూ మూడోది. మీకు పాట వెనుక వినిపించే పెద్ద బృందగానం నిజానికి బృందం కాదు, ఆ ఇద్దరే. ఒకే నెత్తురు పంచుకున్న గొంతులు కావడం వల్ల ఉచ్చారణ, ఊపిరి తీసుకునే చోటు, పదం విడిచే క్షణం కూడా అతికినట్టు కలిసిపోతాయి. నేతగాడు పోగు మీద పోగు వేసినట్టు ఒక్కొక్క వరస కూర్చాలి. ఒక పోగు వదులైతే బట్టంతా చెబుతుంది. జమ్మలమడుగు, మాధవరం మగ్గాలను చూసిన మీకు ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఇక వినగానే ఆవిరైపోతాయన్న మాట. ‘ఐ హ్యావ్ యు’ విషయంలో అది నిజమని పైన నేనే రాశాను. కానీ మైకుకు పెదవులు ఆనేంత దగ్గరగా నిలబడి, చిన్న గొంతుతో, తన స్థాయిలో అట్టడుగు స్వరాల మీద మాట స్పష్టత చెడకుండా పాడటం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి. పెద్ద గొంతుతో పాడితే శ్రుతిలో చిన్న చిన్న తేడాలు జోరులో కలిసిపోతాయి. చిన్న గొంతుకు ఆ మరుగు లేదు.

ఆ రోజుల విమర్శకులు ఇది వినిపించుకోకపోవడానికి సంగీతేతరమైన కారణం ఒకటి ఉంది. 1973లో అధ్యక్షుడు నిక్సన్ వీరిని శ్వేతసౌధానికి పిలిపించి పాడించుకుని, అమెరికా యువతకు వీరే ఆదర్శమన్న ధోరణిలో పొగిడారు. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ వ్యవహారం నడుస్తున్న కాలం. ఆ పొగడ్త యువతలో వారికి చేసిన మేలు ఏమీ లేదు. నీటుగా దువ్విన జుట్టు, ఇంట్లో పెద్దలు మెచ్చే పాట అన్న ముద్ర పడిపోయింది. ఆ ముద్ర తొలగడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1994లో సోనిక్ యూత్ వంటి గరుకు సంగీతం వాయించే బృందాలు కూడా చేరి, కార్పెంటర్స్ పాటలను తమ తమ పద్ధతుల్లో పాడి ఒక నివాళి ఆల్బమ్ తెచ్చాయి. గరుకు గొంతులవారే ముందుగా మెత్తని గొంతు విలువ గుర్తించారన్నది నాకు ఇష్టమైన విషయం.

ప్రశ్న: ‘కాంట్ స్మైల్ వితౌట్ యు’ బ్యారీ మానిలో పాట కదా? కార్పెంటర్స్ దాన్ని అనుకరించారా?
– ఒక పాఠకుడు, మైదుకూరు

జవాబు: తారుమారు చేశారు. కార్పెంటర్స్ పాడినది 1976లో, మానిలో పాడి అమెరికా పట్టికలో మూడో స్థానానికి తీసుకువెళ్లినది 1978లో. రాసినది వారిద్దరూ కాదు, ముగ్గురు ఆంగ్లేయులు. మానిలో ఈలతో మొదలుపెట్టి, శ్రుతి పెంచుకుంటూ, చివరికి సభంతా చప్పట్లు కొట్టేలా చేస్తాడు. నువ్వు లేకుండా నవ్వలేనని నవ్వుతూ చెబుతాడు. కారెన్ పాటలో ఆ ఎదుగుదల లేదు, నడక చివరిదాకా ఒకటే. నాకు కారెన్ పాడినదే నిజమనిపిస్తుంది, ఎందుకంటే నవ్వలేని మనిషి ఈల వేయదు. కానీ విడుదల చేయవలసిన పాట చేతిలో ఉండగా దాన్ని వదిలి ‘గూఫస్’ను విడుదల చేయడం, పైగా మరుసటి ఏడాది దీన్ని వేరొక పాట కోసం వేసిన రికార్డుకు వెనుక వైపున పెట్టడం చూస్తే, పైన చెప్పిన ఎంపిక లోపం ఎంత దాకా పోయిందో అర్థమవుతుంది.

ప్రశ్న: కారెన్ కార్పెంటర్ తిండి మానేసే జబ్బుతో చిన్న వయసులోనే మరణించిందని చదివాను. ఆ విషాదం మనకు తెలుసు కాబట్టే ఈ పాటల్లో లోతు వినిపిస్తున్నదేమో? తెలియకపోతే ఇవి మామూలు ప్రేమ పాటలే కదా?
– విద్యార్థిని, యోగి వేమన విశ్వవిద్యాలయం, కడప

జవాబు: వచ్చిన ప్రశ్నల్లో నన్ను ఎక్కువ సేపు ఆలోచింపజేసినది ఇదే. మీ అనుమానం న్యాయమైనది. కారెన్ 1983 ఫిబ్రవరి 4న, 32 ఏళ్ల వయసులో, అనొరెక్సియా నెర్వోసా వల్ల దెబ్బతిన్న గుండె ఆగి మరణించింది. ఈ ఆల్బమ్ తయారైన కాలం ఆ జబ్బుకు దూరంగా లేదు. 1975లో ఆమె బాగా చిక్కిపోయి మంచం పట్టడంతో విదేశీ కచేరీలను ఆపుకోవలసి వచ్చింది. ఇదంతా తెలిశాక ‘ఐ నీడ్ టు బి ఇన్ లవ్’ వింటే, ప్రతి పదంలో ఆమె జీవితం కనిపిస్తుంది. నాకూ మొదటి మూడు రోజులు అలాగే కనిపించింది. పాట వింటున్నానో, మరణ వార్త చదువుతున్నానో తెలియలేదు.

అందుకని ఒక పని చేశాను. నాలుగో రోజు నుంచి మాటలు పట్టించుకోకుండా గొంతును మాత్రమే, ఒక వాద్యాన్ని విన్నట్టు వినడానికి ప్రయత్నించాను. వాక్యం చివర స్వరాన్ని పట్టి నిలిపినప్పుడు ముందుగా కదలిక లేకుండా ఉంచి, విడిచే ముందు మాత్రమే కొద్దిగా కంపింపజేయడం ఆమె అలవాటు. అది విషాదం కాదు, శిక్షణ. పద్యం చదివేవాడు పాదం చివర ఊపిరి బిగబట్టి వదిలినట్టే అది కూడా నేర్చుకుంటే వచ్చే విద్య. ఆ విద్య 1970లో, ఆమెకు ఇరవై ఏళ్లప్పుడు, ఏ జబ్బూ లేని రోజుల్లో పాడిన పాటల్లోనూ ఉంది. పైగా ఆమె మొదట డ్రమ్స్ వాయించిన మనిషి కాబట్టి, తాళానికి రవ్వంత వెనుకగా పదాన్ని వేసి, మళ్లీ వచ్చి కలుసుకోవడం ఆమెకు సహజంగా వచ్చింది. వినేవారికి అది దిగులుగా తోస్తుంది గాని, నిజానికి అది లయ మీద ఉన్న ధీమా.

కాబట్టి ఆమె జీవితం తెలియని వారికి ఇందులో ఏమీ దొరకదన్న మాటను నేను ఒప్పుకోను. దానికి మొదటి సాక్ష్యం ఈ శీర్షిక మొదట్లోనే ఉంది: యర్రముక్కపల్లి జేజికి కారెన్ ఎవరో తెలియదు, ఆమె ఏ దేశంలో ఉందో తెలియదు, పాట అర్థం తెలియదు, మరణం అప్పటికి జరగనే లేదు. అయినా చేట పక్కన పెట్టింది. అదే సమయంలో, తెలిసిన సంగతిని తెలియనట్టు నటించమని కూడా మీకు చెప్పను. పెద్ద దర్గాలో ఉరుసు నాడు ఖవాలీ వింటూ కళ్లు తుడుచుకునే వారందరికీ ఉర్దూ రాదు. వచ్చిన వారికి అందే భావం మాత్రం వేరు. రెండు రకాల వినికిడీ నిజమే. విమర్శ రాసేటప్పుడు మాత్రం మొదటి రకంతో మొదలుపెట్టాలన్నది నా పద్ధతి, లేకపోతే ఆమె పడిన శ్రమను ఆమె జబ్బు ఖాతాలో జమ చేసినవాళ్లమవుతాము.

ప్రశ్న: మా ఇంట్లో గల్ఫ్ నుంచి వచ్చిన పాత క్యాసెట్లు డబ్బా నిండా ఉన్నాయి. మీరు చెప్పిన ఆల్బమ్ కూడా ఉంది. వేస్తే అణిగిపోయినట్టు, గుహలో నుంచి వచ్చినట్టు వినిపిస్తున్నది. బాగు చేయవచ్చా?
– ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: చాలా వరకు చేయవచ్చు, కానీ ముందు క్యాసెట్‌ను కాక టేప్ రికార్డరును అనుమానించండి. ధ్వని అణిగిపోవడానికి ఎక్కువసార్లు కారణం హెడ్ మీద, అంటే టేపు ఆనుకుని నడిచే లోహపు ముక్క మీద, పేరుకున్న మట్టి. దూది చుట్టిన పుల్లను స్పిరిట్‌లో ముంచి హెడ్‌ను, టేపును లాగే రబ్బరు చక్రాన్ని మెల్లగా తుడవండి. దూది నల్లబడటం ఆగేదాకా తుడవాలి. అప్పటికీ మారకపోతే క్యాసెట్ నోటి దగ్గర, టేపు వెనుక ఉండే చిన్న మెత్తని దిండును చూడండి. మన ఎండలకు దాని జిగురు ఎండి ఊడిపోతుంది, అప్పుడు టేపు హెడ్‌కు ఆనుకోక శబ్దం దూరమవుతుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి, పనికిరాని మరొక క్యాసెట్ దిండును తీసి అతికించవచ్చు. అతికించిన రకమైతే విప్పే ప్రయత్నం చేయకండి, పగులుతుంది. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే మాత్రం దాన్ని మంచి రికార్డరులో వేయవద్దు. బూజు హెడ్‌కు అంటి, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకు పాకుతుంది.

ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి, వేసే ముందు పెన్సిలుతో నాలుగు చుట్లు తిప్పి వదులు చేసి, ఆ పైన ఒకసారి చివరి దాకా, మళ్లీ మొదటి దాకా తిప్పించండి. మళ్లీ పాడుతుందో లేదో తెలియని పాత టేపు కదా, మొదటిసారి ఆడించేటప్పుడే ఫోనులోకో కంప్యూటరులోకో తీగ కలిపి రికార్డు చేసి పెట్టుకోవడం మంచిది. ఒకవేళ ఒక వైపుకే అవకాశం ఉందనిపిస్తే, రెండో వైపు పెట్టండి.